పావుకోళ్లు

ఈ కథ నాకెవరు చెప్పారో ఇప్పుడు నిశ్చయంగా చెప్పలేను. ఇది జరిగిన మఠం పెన్న ఒడ్డున ఉండేదని గుర్తు. అదీ నా ఊహేనేమో. పావుకోళ్ల సంగతిలో మాత్రం పొరబడలేదనుకుంటాను.

ఆ మఠంలో ఒక ఆచారం ఉండేది. మఠం పెత్తనం అప్పగించిన శిష్యుడికి గురువు ఒక జత చెక్క పావుకోళ్లు ఇచ్చేవారు. తక్కినవాళ్లు వట్టికాళ్లతోనే తిరిగేవారు. బసవలింగం ఏళ్లతరబడి వంటశాలలో పిండి విసిరి, చివరకు ఆ పావుకోళ్లు తొడుక్కున్నాడు.

ఒక ఉదయం వాటిని చేతపట్టుకొచ్చి గురువు నిరంజనస్వామి పాదాల దగ్గర పెట్టాడు.

"నన్ను మళ్లీ తిరగలి దగ్గరికి పంపండి స్వామీ."

"ఏం, వంటశాలలో గొడవా?"

"గొడవ లేదు. అదే నా బాధ. వంటశాల పెద్ద చెన్నప్పను అడిగితే, 'అంతా చల్లగా ఉందయ్యా, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది' అంటాడు. మా రోజుల్లో పాట లేనిదే తిరగలి తిరిగేది కాదు. ఇప్పుడు నేను వెళ్తే రాతి చప్పుడు తప్ప మరేమీ ఉండదు. వాళ్లకు పని మీద ప్రేమ పోయింది. లేదా..."

"లేదా?"

"నా మీద పోయింది."

స్వామి ఆ పావుకోళ్లను తన పీట కిందికి జరిపారు.

"కాస్త పెరుగు తీసుకురా" అన్నారు.

బసవలింగం వట్టికాళ్లతో బయలుదేరాడు. బండల చల్లదనం అరికాళ్లకు తెలిసి చాలాకాలమైంది. వంటశాల గడప దగ్గర ఆగిపోయాడు. లోపల తిరగలి తిరుగుతోంది. దాని మీదుగా, పిండి విసిరే ఓబుళమ్మ గొంతు.

"టక్కుటక్కున సామి వచ్చె, నోరు మూయవే
పక్కనే మనతోటి విసిరి పాట మరిచెనే!"

"మరవడానికి మన బసవడికి పాట ఎప్పుడొచ్చిందే?" అన్నారెవరో. నవ్వులు.

"చెన్నప్పా, ఇక పెద్దసామి చరణం నువ్వే అందుకోవాలి" అంది ఓబుళమ్మ.

చెన్నప్ప గొంతు సవరించుకుని అందుకున్నాడు.

మన బసవడు. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. ఒక్క అడుగు వేస్తే వాళ్ల మధ్య ఉంటాడు. వేస్తే పాట ఉండదు. గడప మీద చెయ్యి ఆనించి, చరణం ముగిసేదాకా నిలబడి, ఉత్తచేతులతో తిరిగివచ్చాడు.

స్వామి పెరుగు ఏదని అడగలేదు.

"పాడుతున్నారా?"

"పాడుతున్నారు స్వామీ."

"నీ మీద ఉందా?"

"ఉంది."

స్వామి తన పావుకోళ్ల వైపు చాలాసేపు చూశారు. బొటనవేలి గుబ్బలు అరిగి నున్నబడి ఉన్నాయి.

"నా మీద?"

బసవలింగం తల వంచుకున్నాడు. "ఉంది."

"నేనూ ఆ తిరగలి దగ్గరినుంచే వచ్చాను నాయనా" అన్నారు స్వామి. "అది పాడు."

బసవలింగం పాడాడు.

ఆ చరణం నాకు తెలుసు. కథంతా మసకబారినా అదొక్కటీ చెదరలేదు. కావాలనే దాన్ని గడప దగ్గర విడిచిపెట్టాను.