దివానుగారి అరచెయ్యి

రాజుగారి కొత్త రథం రంగును మెరుగు పనివాడు పోలయ్య నెల్లాళ్లు నీళ్లు చల్లుతూ మెత్తటి రాయితో రుద్ది నునుపు చేశాడు.

"రంగు వేసింది వేరేవాళ్లు ప్రభూ. వీడు ఊరికే నీళ్లు చల్లుకుంటూ కూర్చున్నాడు. ఊళ్లోంచి వెళ్లగొట్టండి," అన్నాడు దివాను.

పోలయ్య దండం పెట్టాడు. "ఒక జానెడు చోటు రుద్దకుండా వదిలేశాను బాబూ. కళ్లు మూసుకుని పట్టుబట్ట నాణ్యం చెప్పే చెయ్యి తమరిది. ఆ చోటెక్కడుందో తమరి చేతికి తెలియకపోతే నేనే వెళ్లిపోతాను."

సభంతా చూస్తోంది. దివాను గంతలు కట్టించుకుని రథాన్ని నిమిరాడు.

"ఇదిగో గరుకు. నా చేతికి తెలియకుండా పోతుందా?" అన్నాడు గర్వంగా.

"మిగతాదంతా నేను రుద్దిందే బాబూ," అన్నాడు పోలయ్య.

రాజు పడీపడీ నవ్వాడు. "ఆ జానెడూ అలాగే ఉంచు పోలయ్యా. దివానుగారికి మళ్లీ అనుమానమొస్తే చెయ్యి పెట్టి చూసుకుంటారు."