సింహాద్రి చేయి చాపిన రోజు

పని చెడితే దాచిపెట్టి, ఎవరూ చూడలేదని తృప్తిగా నిద్రపోతున్నావే, నీకే చెబుతున్నాను. తల తిప్పుకోకుండా విను.

అనకాపల్లిలో విరూపాక్షాచారి అని కార్లకు రేకు పని చేసే పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గర పని నేర్చినవాడు సింహాద్రి. చురుకైనవాడు. "ఈ దసరాకి ఆయుధపూజ నాడు మా నాన్న కర్రసుత్తి నీ చేతిలో పెడతాను. ఆ తరువాత షెడ్డు నీదే" అన్నాడు ఆచారి. సింహాద్రికి అంతకు మించిన కోరిక లేదు.

ఆ వేసవిలో సింహాద్రి ఓ పాత కారు కొని, దానికి వెడల్పాటి టైర్లు వేయించాడు. వెనక నలుగురు ఎక్కి కూర్చుంటే చాలు, టైరు మీద గొడుగులా ఉండే ఫెండర్ రేకు అంచు టైరును గీరేది.

"ఆ అంచును లోపలికి మడవాలి గురువుగారూ."

"మడుద్దాం. రేకును నిదానంగా వేడి చేసి, కొంచెం కొంచెంగా వంచాలి. చల్లగా వంచితే రంగు పగుల్తాది. ఆదివారం తీసుకురా."

సింహాద్రి ఆదివారం దాకా ఆగలేదు. ఇంటి ముందే టైరుకీ ఫెండర్‌కీ నడుమ రోకలి దూర్చి, అది దొర్లుతూ అంచును నొక్కేలా పక్కింటివాళ్లను కారు తొయ్యమన్నాడు.

"కారును దంచుతావా ఏటి? రేపు నేను కారం దేనితో దంచాలి?" అంది భార్య పైడమ్మ.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే రేకు చిటపటమంది. అంచు మడత పడింది. ఎడమవైపు వెనక ఫెండర్ మీద రంగు సన్నగా పగిలింది. సింహాద్రి దాని మీద అదే రంగు పూసి, పాలిష్ పట్టించి, మర్నాడు షెడ్డుకు తెచ్చాడు.

"అయిపోయింది గురువుగారూ. ఇంట్లోనే చేసేశాను."

"ఎక్కడైనా పగిలిందా?"

"లేదండి."

ఆచారి వంగి చూడలేదు. తల ఊపి తన పని చేసుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. పగులు మీద పూసిన రంగు పొక్కింది. సింహాద్రి కారును ఎప్పుడూ ఎడమవైపు గోడకు ఆనించి పెట్టేవాడు. కొన్నాళ్లకు సైకిల్ మీద రావడం మొదలెట్టాడు.

"కారు ఓసారి తీసుకురారా. ఇద్దరం చూద్దాం" అని ఆచారి ఒకసారి అడిగాడు. మరోసారి కూడా అడిగాడు.

"బాగానే ఉంది గురువుగారూ."

మూడోసారి ఆయన అడగలేదు.

దసరా వచ్చింది. పనిముట్లన్నీ కడిగి పీట మీద పెట్టారు. మధ్యలో కర్రసుత్తి. పనివాళ్లందరూ తమ బళ్లను తెచ్చి వరసగా నిలిపారు. ఆ రోజు తేకుండా ఉండటం సింహాద్రికి కుదరలేదు. కారుకు ఎడమవైపున నిండా బంతిపూల దండలు వేలాడదీశాడు.

ఆచారి ఒక్కో బండికీ బొట్టు పెడుతూ వచ్చాడు. సింహాద్రి కారు దగ్గర ఆగి, దండను పక్కకు జరిపి, కుంకుమ అద్దిన బొటనవేలు ఫెండర్ అంచు మీద ఆనించాడు. రంగు పొక్కు చిట్లి పెచ్చు రాలింది. లోపల రేకంతా తుప్పు. వేలి మీద ఏది కుంకుమో ఏది తుప్పో తెలియలేదు.

ఆచారి ఆ వేలిని చూశాడు. తరువాత కండువాకు తుడుచుకుని పీట దగ్గరకు నడిచాడు. సుత్తి తీశాడు. సింహాద్రి ఇంకా ఆశ వదలక రెండు చేతులూ చాపాడు.

"పని నేర్చే రోజుల్లో రంగు నా చేతిలోనూ పగిలిందిరా" అన్నాడు ఆచారి. "మా నాన్నకి ఆ సాయంత్రమే చూపించాను."

సుత్తిని తీసుకెళ్లి గోడ మేకుకు తగిలించాడు.

తుప్పు పట్టిన అంచును కోసి కొత్త రేకు అతకడానికి సింహాద్రికి ఒక పూట పట్టింది. మరుసటి వేసవిలో ఆచారి పోయాడు. షెడ్డు ఆయన మేనల్లుడికి వెళ్లింది. సింహాద్రి ఇప్పటికీ అక్కడే కూలికి పని చేస్తున్నాడు. పొద్దున్నే వచ్చి మేకుకు వేలాడే ఆ సుత్తికి దుమ్ము తుడుస్తాడు. తరువాత బజారులో కొన్న సుత్తితో పని మొదలెడతాడు.