అడుగున ఉన్న ప్యాచ్

“మేడం, మనం వేసిన ప్యాచ్‌ని మన చేత్తోనే తీసెయ్యడం ఓడిపోవడం కాదా?” అని నూకరాజు అడిగాడు.

జలజాక్షిగారికి చూపు లేదు. విజయనగరంలో ఒక అంధ విద్యార్థుల బడిలో కంప్యూటర్ల బాధ్యతంతా ఆవిడదే. తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం మూలాన్ని, అంటే సోర్స్‌కోడ్‌ని, తెచ్చుకుని, తెలుగుకు కావలసిన సవరణలను ప్యాచ్‌లుగా దాని మీద వేసి, అక్కడే తయారుచేయించేవారు. ప్రశ్న అడిగిన శిష్యుడికి ఆవిడ ఏనాడూ జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు.

ఆ ప్యాచ్‌లన్నిటికీ అడుగున ఉన్నది ఆవిడ శిష్యుడు నూకరాజుది. మొదట్లో ఆ ప్రోగ్రాం గొంతు ‘విద్యార్థి’ అన్న మాటను మధ్యలో విరిచి, ఊపిరి పీల్చుకుని చదివేది. నెలల తరబడి కుస్తీపట్టి అతను ఆ విరుపు పోగొట్టాడు. ఆ సవరణను మూలం తయారుచేసేవాళ్ళకూ పంపాడు. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇప్పుడు కొత్త మూలం వచ్చింది. మధ్యాహ్నం పిల్లలకు పరీక్ష. తయారీ సరిగ్గా అతని ప్యాచ్ దగ్గరే మొరాయించింది. బలవంతాన ఎక్కిస్తే, గొంతు మాటకూ మాటకూ ఎడం లేకుండా చదివేసింది.

“రైలుపెట్టెలన్నీ ఒకదాన్లోకొకటి దూరినట్టుందిరా,” అని మేడం నవ్వారు. “చివర వేసినదాని నుంచి వెనక్కి విప్పుకుంటూ రా. నీదీ తియ్యి. కావలసినవి తర్వాత మళ్ళీ వేద్దాం.”

అప్పుడే అతను ఆ ప్రశ్న అడిగాడు. “తీస్తే మళ్ళీ పాత నత్తిమాటలే కదండీ! పిల్లలకు ప్రశ్నే అర్థం కాదు,” అన్నాడు.

“విందాం.”

పైవన్నీ చకచకా విప్పాడు. తనదాని దగ్గర చెయ్యి ఆడలేదు. చివరికి తీశాడు. ఒట్టి మూలంతో తయారైన గొంతు ‘విద్యార్థులకు సూచనలు’ అని మొదలుపెట్టింది. ఒక్క మాట విరగలేదు. ఒక్క మాట పక్కదానికి అతుక్కోలేదు.

నూకరాజు గబగబా మూలం తెరిచాడు. ఆ చోట ఉన్నవి తను రాసి పంపిన వరుసలే; వాటి మీద అవే మళ్ళీ వేసినందుకే మాటలు అతుక్కున్నాయి. వాటి పక్కన, తెలుగు తెలియనివాళ్ళెవరో చెరపకుండా ఉంచిన, ఆ గొంతుకు తను రాసిన మాట: ‘ఇక్కడ ఆగకు, తల్లీ.’

దాన్ని అతను పైకి చదివాడు. జలజాక్షిగారు వరండా దాకా వినబడేలా శబ్దం పెంచారు.

“అయితే ఇంక నా ప్యాచ్‌తో పని లేదన్నమాట,” అన్నాడు నూకరాజు.

“నడక నేర్పిన చెయ్యి వదిలావు, అంతే,” అన్నారావిడ. “నడుస్తోంది. విను.”