మేకలను పిలిచిన గ్రామసభ

సముద్రపు ఒడ్డున ఉప్పుగెడ్డపాలెం అనే ఊళ్లో ఎల్లాజీ అనే పెద్దమనిషి ఉండేవాడు. సర్పంచ్‌గా గెలిచింది ఆయన భార్య పోలేశ్వరి, పంచాయతీ కుర్చీలో కూర్చునేది మాత్రం ఆయన. సంతకం ఆమెది, గొంతు ఆయనది. ఇందులో తప్పుందని ఆయనకెప్పుడూ తోచలేదు. ఓట్లేసిన ఆడవాళ్లకు తోచింది కానీ, ఆయన మాట్లాడటం ఆపితే కదా వాళ్లు నోరు విప్పేది!

ఆ ఊరి అంగన్‌వాడీ సముద్రానికి ఎదురుగా ఉండేది. తల్లులు చేపల గంపలెత్తుకుని సంతకు పోతే పిల్లలు అక్కడే తిని, అక్కడే నిద్రపోయేవారు. గాలి లేచిందంటే ఇసకంతా అన్నంలోకే. ఒకనాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పళ్లు కరకరలాడాయి.

“వచ్చే వేసవి గాలులకల్లా ఇక్కడ పచ్చటి దడి లేవాలి. లేకపోతే ఈ అంగన్‌వాడీని గెడ్డ అవతలి ఊరికి మార్చేస్తాం,” అంది ఆమె.

తల్లుల గుండెల్లో రాయి పడింది. పసివాళ్లను రోజూ గెడ్డ నీళ్లు దాటించేదెవరు? సంత మానుకుని ఇంట్లో కూర్చుంటే పూట గడిచేదెలా?

“నేను లేనా?” అన్నాడు ఎల్లాజీ.

“మావా, ఉప్పుగాలికి ఏది బతుకుతుందో ముందు చూడాలి. పైడమ్మత్త మేకలు కూడా ఉన్నాయి,” అంది పోలేశ్వరి.

“మేకల సంగతి నువ్వు చూసుకో. మొక్కల సంగతి నేను చూసుకుంటా.”

తొలకరి పడగానే ఆయన పట్నం నుంచి లారీ నిండా గులాబీలు, మందారాలు, క్రోటన్లు తెప్పించాడు. మొక్కలు మంచివే, చోటే వాటిది కాదు. చుట్టూ ముళ్లకంప వేయించాడు. ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన నిలువెత్తున ఉన్నాడు. పోలేశ్వరి మూలన తపాలా బిళ్లంత ఉంది. బంతిపూల దండ వేసుకుని రిబ్బను కత్తిరించి, ఆయన ఉపన్యాసం అందుకున్నాడు. అది ముగిసేలోపు ముళ్లకంపను గాలి ఎత్తుకుపోయింది. మేకలు వచ్చాయి. మందారాలు తిన్నాయి, క్రోటన్లు తిన్నాయి. ఒక నల్లమేక ముందుకాళ్లు ఎత్తి ఆయన మెడలోని దండను కూడా లాగి తినేసింది.

“ఒరే ఎల్లాజీ, కదలకురా! నువ్వూ మొక్కవే అనుకుంటోంది,” అంది మేకల వెనకే వచ్చిన పైడమ్మ.

మిగిలిన గులాబీలు ఉప్పుగాలికి కాల్చిన అప్పడాల్లా అయిపోయాయి.

అప్పుడు పోలేశ్వరి మొగుడి ముందుకొచ్చి నిలబడింది. “మేకల సంగతి నన్ను చూసుకోమన్నావు కదా. చూసుకుంటా.”

మర్నాడే ఊళ్లో దండోరా వేయించింది. “గ్రామసభ ఉంది. ప్రతి ఆడమనిషీ తన ఇంటికి సముద్రం వైపున, పోయిన వేసవి గాలికి చావకుండా నిలిచిన మొక్క నుంచి ఒక కొమ్మ తేవాలి. పైడమ్మ మేకలతో సహా రావాలి!”

సభకు వచ్చిన ఎల్లాజీ అలవాటుగా కుర్చీ వైపు నడిచాడు. కుర్చీలో పోలేశ్వరి ఉంది.

“లెగు,” అన్నాడు మెల్లగా.

“ఎందుకూ?”

“నేనెక్కడ కూర్చోను?”

“చాప ఉంది మావా. మెత్తగా ఉంటుంది.”

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఎల్లాజీ చాప మీద, మేకల పక్కన కూలబడ్డాడు.

కొమ్మలన్నీ వరసగా పరిచారు. పొద్దున్నుంచి కట్టేసి ఉంచిన మేకల్ని వదిలారు. అవి మునగ కొమ్మ మీద ఎగబడ్డాయి. “అది మేకల ఓటు. మనకొద్దు,” అంది పోలేశ్వరి. కత్తుల్లాంటి ముళ్ల ఆకుల కిత్తనారను చూసి దూరం జరిగాయి. వావిలిని వాసన చూసి తుమ్మాయి. కలబందను నాకి మొహం తిప్పుకున్నాయి. ఇసక మీద పాకే ఊదాపూల తీగను నమిలి వదిలేశాయి. గన్నేరు జోలికే పోలేదు.

“గన్నేరు వద్దమ్మా, విషం. మేకలకున్న తెలివి నా పిల్లలకు ఇంకా రాలేదు,” అంది అంగన్‌వాడీ టీచరు రత్నకుమారి.

“ఇవన్నీ పిచ్చిమొక్కలు!” అన్నాడు ఎల్లాజీ, నాటకుండా సంచీలోనే దాచుకున్న ఆఖరి గులాబీ మొక్కను ఎత్తి చూపిస్తూ. నల్లమేక దాన్ని అందుకుంది. ఆయన చేతిలో ఖాళీ సంచీ మిగిలింది. ఈసారి ఆయనకే నవ్వొచ్చింది.

“సర్పంచ్ గారూ, నాకేం పని చెబుతారు?” అన్నాడు భార్యతో. ఆ పిలుపు ఆయన నోట రావడం అదే మొదలు.

“నీళ్లు పొయ్యి మావా. ఉపన్యాసం లేకుండా!”

సముద్రం వైపు కిత్తనార, దాని వెనక వావిలి, ఇసక మీద తీగ, మెట్ల పక్కన కలబంద నాటారు. ఎల్లాజీ రోజూ కావిడితో నీళ్లు మోసి పోశాడు.

వేసవి గాలులు వచ్చాయి. ఆఫీసరమ్మ కూడా వచ్చింది. ఒక ముద్ద తిన్నది. ఊరంతా ఊపిరి బిగబట్టి ఆమె దవడలనే చూసింది. చప్పుడు లేదు. “పప్పు బాగుంది, ఇంకొంచెం వెయ్యండి,” అంది ఆమె. పిల్లలతో పాటు తల్లులూ గంతులేశారు. అంగన్‌వాడీ ఊళ్లోనే ఉండిపోయింది.

“ఇంతకీ సర్పంచ్ గారెవరు?” అని ఆఫీసరమ్మ అడిగింది.

“ఆవిడే. నేను కావిడి మోసేవాణ్ణి,” అన్నాడు ఎల్లాజీ, వావిలి నీడలోంచి.

నీతి: గాలికి నిలిచే మొక్కనే నాటాలి, గెలిచిన మనిషినే కుర్చీలో కూర్చోనివ్వాలి.