పైడమ్మ మొగుడు కల్లు మానిన కథ

అనగనగా ఒక కొండ. కొండ నిండా అడవి. ఆ అడవిలో ఏటి ఒడ్డున ఒక పెద్ద మద్దిచెట్టు. ఆ చెట్టు పైకొమ్మల్లో ఒక తొర్ర. ఆ తొర్రలో పైడమ్మ అనే కొమ్ముపిట్ట కాపురం.

కొమ్ముపిట్టను మీరు చూసి ఉండరు, పిల్లలూ. దానికి ఇంత పొడుగు వంకర ముక్కు, ముక్కు మీద చిన్న కొమ్ము ఉంటాయి. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట తొర్రలో దూరి, వాకిలికి మట్టి మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల దాని ఈకలు కూడా రాలిపోతాయి. కొత్త ఈకలు వచ్చేదాకా బయటికి రావడం కుదరదు. అన్నాళ్ళూ మగపిట్టే పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. లేకపోతే తల్లికీ తిండి లేదు, పిల్లలకీ లేదు.

పైడమ్మ మొగుడి పేరు సింగన్న. మంచివాడే. మొదట్లో రోజుకు పదిసార్లు తిరిగి మేడిపండ్లు తెచ్చేవాడు.

ఇంతలో కొండవాలున ఉన్న జీలుగు చెట్టుకు మనుషులు కల్లు కుండ కట్టారు. ఒక సాయంత్రం దాహమేసి సింగన్న అందులో ముక్కు ముంచాడు. కాస్త తీపి, కాస్త పులుపు. బాగుంది. మర్నాడూ వెళ్ళాడు. ఆ తరవాత వెళ్ళని సాయంత్రం లేదు.

కల్లు కడుపులో పడితే ఆకలి రెండింతలవుతుంది. పెళ్ళానికని కోసిన పండ్లు దారిలో తనే మింగేవాడు. మింగి, ఏ కొమ్మ మీదో కునుకు తీసేవాడు. నెల తిరిగేసరికి సింగన్న పొట్ట సొరకాయలా వేలాడింది. పది రాకపోకలు ఐదయ్యాయి, ఐదు మూడయ్యాయి.

ఒకరోజు మధ్యాహ్నం రెండే రెండు పండ్లతో ఆయాసపడుతూ వచ్చాడు.

"ఒళ్ళు పెంచేశావయ్యా" అంది పైడమ్మ సందులోంచి.

"ఒళ్ళు కాదు పైడీ, ఈకలు. ఎండలకు ఉబ్బాయి" అన్నాడు సింగన్న.

"ఎండలకు ఈకలు ఉబ్బుతాయా? సాయంత్రాలు ఎక్కడికి పోతున్నావో అప్పాయమ్మత్త అంతా చెప్పింది."

అప్పాయమ్మ అదే చెట్టు మీద ఉండే ముసలి ఉడుత. తనకు తెలియని సంగతి ఆ అడవిలో లేదు.

"సరే, తిండి తగ్గిస్తానులే" అన్నాడు సింగన్న. మర్నాటి నుంచి పండ్లు తినడం మానేశాడు. కల్లు మానలేదు. "కల్లంటే నీళ్ళే కదా, నీళ్ళకు ఒళ్ళొస్తుందా?" అని అతని లెక్క. వారం గడిచినా పొట్ట తగ్గలేదు సరికదా, ఇంకాస్త జారింది.

పైడమ్మకు తల బద్దలు కొట్టుకోవాలనిపించింది. కొట్టుకుందామన్నా ఆ తొర్రలో చోటు లేదు.

"నిన్ను జన్మంతా మానమనడం లేదు. పిల్లలు ఎగిరేదాకా మాను. ఒళ్ళు తగ్గుతుంది. నాలుగు పండ్లు ఎక్కువ మోస్తావు. అంతే కదా నేను అడిగేది" అంది.

"మానేశాను పో" అన్నాడు సింగన్న ధీమాగా.

మూడో రోజు సాయంత్రం అతని ముక్కు గుప్పున కల్లు కంపు కొట్టింది.

"తాగావు" అంది పైడమ్మ.

"కుండ ముట్టుకుంటే ఒట్టు. కింద ఆకు మీద కారి ఉంటే నాకానంతే. ఆకు మీదది కూడా లెక్కేనా?"

పైడమ్మ ముక్కు లోపలికి లాక్కుంది. మొగుణ్ణి తిట్టడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. ఆమెకు కడుపు నిండి పదిరోజులైంది. గుడ్లు పగిలి బయటపడిన ఇద్దరు పిల్లలు ఆకలికి కీచుకీచుమంటున్నారు.

ఆ మర్నాడు ఉదయం పిల్లల అరుపులు విని ఒక ఉడుము మద్దిచెట్టు ఎక్కడం మొదలుపెట్టింది.

"పైడమ్మా, ఉడుమొస్తోంది. జాగ్రత్త" అని అప్పాయమ్మ కేకేసింది. అప్పుడే సింగన్న చెట్టు కిందికి వచ్చాడు. ఉడుమును చూశాడు. ఒక్క ఊపున పైకి లేచాడు. సగం దూరం వెళ్ళేసరికి రెక్కలు ఆ బరువు మోయలేకపోయాయి. ఒక కొమ్మ మీద వాలాడు. కొమ్మ పుటుక్కున విరిగింది. సింగన్న వెళ్ళి ముళ్ళపొదలో పడ్డాడు.

పొదలోంచి అతనికి పైన జరిగేదంతా కనబడుతూనే ఉంది. ఉడుము గోళ్ళతో వాకిలి మట్టిని గీకుతోంది. ఒక పెళ్ళ ఊడింది. ఇంకో పెళ్ళ ఊడింది. ఆ కంతలోంచి ఉడుము తల దూర్చింది. ఒంటి మీద ఈకల్లేని పైడమ్మ, పిల్లల్ని వీపు వెనక్కి నెట్టి, ఉన్న శక్తంతా కూడగట్టుకుని దాని ముక్కు మీద పొడిచింది. మళ్ళీ పొడిచింది. మూడో పోటు కంటి పక్కన తగిలింది. ఉడుము జారుకుంటూ దిగి తుప్పల్లోకి పారిపోయింది.

సింగన్న కొమ్మ నుంచి కొమ్మకు ఆగుతూ ఆగుతూ పైకి చేరేసరికి అంతా అయిపోయింది. ఈసారైనా గట్టిగా తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"మట్టి తీసుకురా" అంది పైడమ్మ. "వాకిలి మూయాలి."

ఏటి ఒడ్డు నుంచి తొర్రకు పన్నెండు సార్లు మట్టి మోయాల్సొచ్చింది. మూడోసారికే సింగన్నకు ఆయాసం ముంచుకొచ్చింది. ఏడోసారికి కళ్ళు తిరిగాయి. అయినా ఆగలేదు. పన్నెండోసారి మట్టి అందిస్తూ, "మానేస్తాను పైడీ, పిల్లలు ఎగిరేదాకా" అన్నాడు.

"అప్పటి మాట ఇప్పుడు చెప్పకు. ఇవాళ తాగకు. రేపు సాయంత్రం మళ్ళీ అడుగుతాను."

"ఆకు మీదది కూడా లెక్కే" అన్నాడు సింగన్న తల వంచుకుని.

మొదటి నాలుగు రోజులూ నరకమే. తల పగిలిపోయేది. ప్రతిదానికీ కసురుకునేవాడు. పండ్లు పుల్లగా ఉన్నాయని చెట్టునే తిట్టాడు. సాయంత్రమైతే కాళ్ళు జీలుగు చెట్టువైపే లాగేవి. అందుకని కొండకు అవతలివైపు మేతకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అటు దూరం ఎక్కువ, కల్లు లేదు. పైడమ్మ రోజూ అడిగేది. అతను రోజూ "లేదు" అనేవాడు. ఆమె రోజూ ముక్కు వాసన చూసేది. అంత తొందరగా నమ్మేస్తుందా మరి?

పదిరోజులకు పొట్ట కొంచెం లోపలికి పోయింది. ఇరవై రోజులకు ఏటి ఒడ్డున లేస్తే తొర్ర దగ్గరే వాలాడు, మధ్యలో ఆగకుండా. మళ్ళీ రోజుకు పదిసార్లు పండ్లు వచ్చాయి. పిల్లలు బొద్దుగా పెరిగారు. పైడమ్మకు కొత్త ఈకలు వచ్చాయి. ఒక ఉదయం ఆమె లోపలినుంచి మట్టి గోడ పొడిచి పడగొట్టింది. కొన్నాళ్ళకు పిల్లలూ రెక్కలు విప్పారు.

ఆ సాయంత్రం సింగన్న కొమ్మ మీద అటూ ఇటూ కదిలాడు.

"గడువు అయిపోయింది కదా" అన్నాడు మెల్లగా.

"అయిపోయింది. వెళ్తావా?"

సింగన్న కొండవాలు కేసి కాసేపు చూశాడు. "పొద్దున్నే పిల్లల్ని మేడిచెట్టు దాకా తీసుకెళ్ళాలి. రేపు చూద్దాంలే" అన్నాడు.

పొద్దున్నే నలుగురూ ఎగిరారు. సింగన్న, పిల్లలు ముందు చేరారు. పైడమ్మ వెనకబడింది. మూడు నెలలు కూర్చున్న ఒళ్ళు కదా. ఆయాసపడుతూ వచ్చి వాలి, "కాస్త ఆగవయ్యా, ఒళ్ళు బరువెక్కి చచ్చాను" అంది.

సింగన్న ఏదో అనబోయి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఒక మంచి పండు కోసి ఆమె నోటికి అందించాడు.

"ఆయన కల్లు మానడం సరే అత్తా, ఆ నోరు మూసుకోవడం చూశావూ, అప్పుడు నమ్మాను బాగుపడ్డాడని" అని పైడమ్మ తరవాత అప్పాయమ్మతో చెప్పింది.

నీతి: కొన్నాళ్ళు మానతానని అందరూ అంటారు, సాకులు కూడా మానినవాడికే ఒళ్ళు తేలికవుతుంది.