పీచుకి కత్తెర పెట్టకూడదు

కాలవ లాకుల సూపర్నెంటుగా చేసి రిటైరైన భాస్కరానికి కాషాయం కావాలి. మూడు నెలలుగా ప్రతి గురువారం పడవెక్కి వరహాలమ్మ గారి ఆశ్రమానికి వచ్చి అదే అడుగుతున్నాడు.

ఆశ్రమం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు, వంటకి సూరాయమ్మ. వరహాలమ్మ గారు ఒకప్పుడు కొబ్బరి తాళ్ళు పేనిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి. చాలా తక్కువ మాట్లాడతారు. ఆ లోటు సూరాయమ్మ తీరుస్తుంది.

భాస్కరం ఒక్కగానొక్క కూతురు ప్రసూన పోయి పదకొండు నెలలైంది. విషజ్వరం, నాలుగే రోజులు. ఆ తర్వాత ఆయన పేపరు మానేశాడు, పేకాట మానేశాడు, ఇంట్లో మాట్లాడటం మానేశాడు. సన్యాసానికి ఇవి చాలనుకున్నాడు. ఊరివాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి భాస్కరానంద అని పేరు కూడా ఖాయం చేశారు. పోస్టుమాస్టరు ఒక్కడే ఒప్పుకోలేదు. పేరు ఇంకాస్త బరువుగా ఉండాలన్నాడు.

ఈ గురువారం భాస్కరం ఒక సంచీతో వచ్చాడు. అందులోంచి ఒక కుక్క తల బయటపెట్టింది. పిల్లి కంటే కాస్త పెద్దది. ఒళ్ళంతా తీగల్లాంటి గరుకు వెంట్రుకలు. ప్రసూన తెచ్చి పెంచుకున్నది. పీచు అని పేరు పెట్టిందీ ఆ పిల్లే.

"అమ్మా, ఇల్లు నా భార్య హైమ పేర రాసేశాను. తను గట్టి మనిషి, కంట నీరు కూడా పెట్టదు. ఇక మిగిలింది ఇదొక్కటే. దీన్ని మీ దగ్గర వదిలేస్తే నాకు ఏ బంధమూ లేదు."

వరహాలమ్మ గారు కుక్కని చూశారు. ఇన్ని నెలలు ఎవరూ ముట్టని జుట్టు కళ్ళ మీద పడి, అట్టలు కట్టింది. చెవి వెనక గోక్కుని గోక్కుని పుండు చేసుకుంది.

"ముందు దీని జుట్టు బాగుచెయ్యి నాయనా. తర్వాత మాట్లాడదాం."

సూరాయమ్మ కత్తెర తెచ్చింది. "ఇదిగోండి, రెండు నిమిషాల పని. కావాలంటే తమరిది కూడా తీసేస్తాను. ఎలాగూ సన్నాసమే కదండీ!"

"కత్తెర వద్దు" అన్నాడు భాస్కరం. "దీనికి కత్తెర పెట్టకూడదు. పైపైన కత్తిరిస్తే చచ్చిన వెంట్రుక మొదలు లోపలే ఉండిపోతుంది, దురద పోదు. వేళ్ళతో పీకాలి. పండిన వెంట్రుక నొప్పి లేకుండా వచ్చేస్తుంది. మా అమ్మాయి..."

ఆశ్రమంలో ఆయన కూతురి మాట ఎత్తడం అదే మొదటిసారి.

"అయితే పీకు" అన్నారు వరహాలమ్మ గారు.

పీచుని బల్ల మీద నిలబెట్టాడు. ఎడమచేత్తో చర్మం అదిమిపట్టి, రెండు వేళ్ళతో కొద్దికొద్దిగా, వెంట్రుక వాలున లాగాడు. రంగు వెలిసిన జుట్టు ఊరికే వచ్చేసింది. దాని కింద నల్లగా కొత్తది. ఒకచోట తొందరపడి పచ్చి వెంట్రుక లాగితే పీచు కుయ్యిమని ఆయన ముఖంలోకి చూసింది.

వీపు అయింది. పీచు తనంతట తానే ఎడమ పక్కకి తిరిగింది. అదీ అయింది. ఈసారి కుడి పక్కకి తిరిగింది. భాస్కరం వేళ్ళు ఆగిపోయాయి. ఇది ప్రసూన చేసే వరస. ఆరేళ్ళు పేపరు వెనకనుంచి చూసీ ఆయన గమనించనిది కుక్కకి గుర్తుంది.

ముఖం ఒక్కటే మిగిలింది. పీచు కూర్చుని, మెడ చాపి, ఆయనకి ఎదురుగా గాల్లో గడ్డం పెట్టింది. అలాగే ఉంచింది. కాసేపటికి మెడ వణకసాగింది. భాస్కరం తన చెయ్యి పెట్టబోతే వెనక్కి జరిగి, మళ్ళీ అటే చాపింది.

"ఇదేంటండీ, గాల్లో గడ్డం పెడుతోంది?" అంది సూరాయమ్మ.

"అటు ఎవరు కూర్చునేవారు?" అని అడిగారు వరహాలమ్మ గారు.

భాస్కరం పీచు చాపిన గడ్డం వైపు చూశాడు. "హైమ. దాని గడ్డం అరచేతిలో పట్టుకునేది. అమ్మాయి కళ్ళ మీద వెంట్రుకలు తీసేది. తల్లీకూతుళ్ళు ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉండేవారు."

"ఇప్పుడో?"

భాస్కరం బల్ల మీద రాలిన జుట్టు పోగుచేశాడు. సూరాయమ్మ కూడా మాట్లాడలేదు. ఈ సంగతి చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మరు.

"అమ్మా, ముఖం మిగిలిపోయింది" అన్నాడు చివరికి, తల దించుకుని.

వరహాలమ్మ గారు ఖాళీ సంచీ దులిపి ఆయన చేతికిచ్చారు.

"మీ ఊరికి ఆఖరి పడవ అయిదింటికి, నాయనా."