నెమలిగుట్ట కబురు

పొద్దున్నుంచీ వాన తెరిపివ్వలేదు. ఆశ్రమం వరండాలో నిలబడి చిదంబరం ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. అవతల ఇప్పలగొంది వైద్యశాల చూసుకునే దేవుడమ్మ. ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"కన్నమ్మ మనిషి మనిషిలా లేదండీ. మొగుణ్ణి చూసి నువ్వెవరంటోంది. గాల్లో దేన్నో పట్టుకోబోతోంది. నోరెండిపోతోందంటుంది, నీళ్ళిస్తే మింగలేకపోతోంది."

"ఏం మందిచ్చావమ్మా?"

"దగ్గుకండీ. మీరు పంపిన అడ్డసరం పొడే. నిన్న సాయంత్రం ఓసారి, ఇందాక ఓసారి."

లైను తెగిపోయింది. మళ్ళీ చేశాడు. కలవలేదు.

అడ్డసరం పొడి. ఆ మాట ఈమధ్యే ఎక్కడో కంటబడింది. ఎక్కడో గుర్తొచ్చింది. గదిలోకి పరుగెత్తి కంప్యూటరు ముందు కూచున్నాడు.

గోదావరికి రెండు వైపులా, కొండల మీద, ఆశ్రమానికి చిన్న చిన్న వైద్యశాలలున్నాయి. ఒకచోట తెలిసిన సంగతి ఇంకోచోటికి తెలిసేది కాదు. పాతికేళ్ళు మూలికలతో బతికిన ఒక పెద్ద వైద్యుడు కాలం చేస్తే, ఆయనకు తెలిసినదంతా ఆయనతోనే పోయింది. హైదరాబాదులో పెద్ద కంపెనీలో కంప్యూటరు పని చేసొచ్చిన చిదంబరానికి అది మనసుకి పట్టింది. అందరి ఫోన్లలోనూ ఉండేలా ఒక యాప్ తయారుచేశాడు. ఎవరికి ఏది తెలిసినా అందులో రాయాలి. అందరూ చదువుకోవాలి.

మొదట్లో అందరూ ఉత్సాహంగా రాశారు. ఒకాయన పాముకాటుకి ఏదో ఆకు పసరు చాలని, ఆసుపత్రి అక్కర్లేదని రాశాడు. ఆశ్రమం పెద్ద నిశ్చలానంద స్వామి అది చదివి చిదంబరాన్ని పిలిపించారు.

"ఇది నమ్మి ఎవరైనా ఇంట్లోనే ఉండిపోతే?"

ఆ ఒక్క మాటకి చిదంబరం సిగ్గుతో చితికిపోయాడు. ఆ వారంలోనే యాప్‌కి తలుపు పెట్టాడు. ఎవరేం రాసినా ముందు అతని దగ్గరికే వస్తుంది. ఫొటో ఉండాలి, ఎలా తెలిసిందో ఉండాలి, ఇంకొకరు అవునని ఒప్పుకోవాలి. అన్నీ సరిగా ఉంటేనే అతను మీట నొక్కుతాడు. అప్పుడే అందరికీ కనబడుతుంది. అప్పట్నుంచీ అందులో ఒక్క తప్పుమాట లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు చిదంబరం గొంతు కాస్త పెరిగేది.

ఇప్పుడు ఆ తలుపు వెనకాల వెతుకుతున్నాడు. దొరికింది.

'కొత్తగా వచ్చిన అడ్డసరం పొడి తాగిన ఒకాయన మతి తప్పినట్టు మాట్లాడాడు. కంటిపాపలు పెద్దవయ్యాయి. ఉమ్మెత్తాకు కలిసిందేమోనని అనుమానం. ఎవరూ ఇవ్వకండి. కల్పకం, నెమలిగుట్ట.'

వచ్చి మూడు రోజులైంది. దాని కింద ఎర్రటి అక్షరాల్లో: 'అసంపూర్తి. ఫొటో, రుజువు జతచేసి మళ్ళీ పంపగలరు.'

ఆ ఎర్ర మీట నొక్కింది తనే. వేరే ఆశ్రమం వాళ్ళు యాప్ ఎలా పనిచేస్తుందో చూడ్డానికి వచ్చిన రోజది. వాళ్ళకి చూపిస్తూ చూపిస్తూ, మధ్యలో వచ్చిన ఈ కబురుని సగమే చదివి వెనక్కి పంపాడు. పైగా వాళ్ళతో, "చూశారా, రుజువు లేనిదేదీ లోపలికి రాదు" అని నవ్వాడు కూడా.

వెంటనే ఆ కబురుని అందరికీ వదిలాడు. తర్వాత ఒక్కొక్క వైద్యశాలకీ ఫోను చేశాడు. కొందరు ఎత్తారు. "ఆ పొడి ముట్టుకోకండి, ఎవరికిచ్చారో వాళ్ళిళ్ళకి వెళ్ళండి" అని చెప్పాడు. ఇప్పలగొంది కలవలేదు. ఏటిగొమ్ము కలవలేదు. వానకి టవర్లు పడిపోయినట్టున్నాయి.

స్వామి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. స్వామి ఒక్క ప్రశ్నే అడిగారు.

"పడవ ఉందా?"

*

మోటారు పడవ ఏటికి ఎదురీదుతోంది. నీళ్ళు ఎర్రగా, చెత్తా చెదారం మోసుకుంటూ వస్తున్నాయి. చిదంబరం మాటిమాటికీ ఫోను తీసి చూస్తున్నాడు. సిగ్నల్ లేదు. లేదని తెలిసీ చూస్తున్నాడు.

కన్నమ్మకి చంటిపిల్ల ఉందని దేవుడమ్మ ఒకసారి చెప్పింది. ఆ పిల్ల పాలు తాగి ఉంటే? ఏటిగొమ్ములో ఎంతమందికి దగ్గుందో! అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ. ఈ వానకి దగ్గు రాని వాళ్ళెవరు? 

"స్వామీ, ఏమీ కాదంటారా?"

"నాకు తెలీదు నాయనా."

అవుననో కాదనో అంటే బాగుండేది.

ఇప్పలగొందిలో దేవుడమ్మ ఒడ్డునే ఎదురుచూస్తోంది. కన్నమ్మని మంచానికి తువ్వాళ్ళతో కట్టి ఉంచారు. ముఖం కందిపోయి ఉంది. లేని దారాన్ని వేళ్ళతో లాగుతోంది. స్వామి ఆమె కనురెప్ప ఎత్తి చూశారు. నల్లగుడ్డంతా కంటిపాపే నిండిపోయి ఉంది.

"ఉమ్మెత్తే. ఇక్కడ మన చేతుల్లో లేదు. ఆసుపత్రికి పదండి. ఆ పొడి కూడా కాస్త మూటగట్టు దేవుడమ్మా, డాక్టరుకి చూపించాలి. పిల్లకి పాలివ్వలేదు కదా?"

"నిన్నట్నుంచీ మా ఆడబిడ్డే ఇస్తోందండీ. కన్నమ్మకి జొరమని పిల్లని దూరం పెట్టాం" అంది దేవుడమ్మ.

చిదంబరం కళ్ళు మూసుకున్నాడు. ఒక్కటి, ఒక్కటి తప్పింది.

మంచాన్నే పడవలోకి ఎక్కించారు. కన్నమ్మ మొగుడు పండయ్య ఆమె తల ఒడిలో పెట్టుకుని కూచున్నాడు. పడవ ఏటి వాలున వేగంగా పోతోంది. చాలాసేపటికి పండయ్య తల ఎత్తాడు.

"అయ్యా, ఇందాక ఒడ్డున దేవుడమ్మతో మీరంటుంటే విన్నాను. ఈ మందు చెడ్డదని మీకు ముందే తెలుసా?"

స్వామి చిదంబరం వైపు చూడలేదు. పడవ నడిపే సరంగు నీళ్ళ వైపు చూస్తున్నాడు. జవాబు చెప్పాల్సింది ఎవరో అందరికీ తెలుసు.

"నాకు కబురొచ్చింది పండయ్యా. నేనెవరికీ చెప్పలేదు."

పండయ్య ఏదో అంటాడని చూశాడు. తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండేది. పండయ్య మళ్ళీ వంగి, భార్య గాల్లో వెతుకుతున్న వేళ్ళను తన గుప్పిట్లో పట్టుకున్నాడు.

*

ప్రభుత్వాసుపత్రి డాక్టరు పొడి మూట విప్పి వాసన చూసి, "ఏం తిన్నదో తెలిసింది కాబట్టి సరిపోయింది" అన్నాడు. అయినా రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు. చిదంబరం వార్డు బయట బెంచీ మీద కూచుండిపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచేవాడు. నర్సు అతన్ని దాటుకుని పోయేది. మళ్ళీ కూచునేవాడు.

మర్నాడు మధ్యాహ్నం లోపల్నుంచి పండయ్య ఏడుపు వినబడింది. చిదంబరం లేచి పరుగెత్తాడు. లోపలికి వెళితే కన్నమ్మ మంచం మీద కూచుని ఉంది. నీరసంగా, చిరాగ్గా మొగుణ్ణి కసురుకుంటోంది.

"పిల్లనెక్కడ వదిలేసొచ్చావు? అడుగుతుంటే ఏడుస్తావేంటి?"

చిదంబరం బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

అప్పుడే కల్పకం వచ్చింది. తడిసిన చీరకొంగు పిండుకుంటూ మెట్లెక్కింది. ఆశ్రమంలో అతనికన్నా ముందునుంచీ ఉన్న మనిషి. ఎవరి నోటో కన్నమ్మ సంగతి విని, నెమలిగుట్ట నుంచి కొండ దిగి, బస్సు పట్టుకుని వచ్చింది.

"ఏటిగొమ్ము మీదుగా వచ్చాను. అక్కడ ఆ పొడి మూటే విప్పలేదు. ఎలా ఉంది ఆ అమ్మాయి?"

"బతికింది అక్కా."

ఆమె బెంచీ మీద కూలబడింది.

"అక్కా, నేను వెనక్కి పంపాక మళ్ళీ ఎందుకు రాయలేదు? ఒక్క ఫోను చేస్తే సరిపోయేది కదా." అడిగాక, తప్పు ఆమె మీదికి నెడుతున్నట్టు అనిపించి నాలుక కరుచుకున్నాడు.

కల్పకం అతన్ని వింతగా చూసింది.

"వెనక్కి పంపావా? నాకేం తెలుసు? మా గుట్టకి కిందనుంచి వచ్చేది ఎప్పటికో గానీ రాదు. సిగ్నల్ కోసం పైదాకా ఎక్కి పంపాను. నువ్వు చూసినట్టు గుర్తు పడింది. చిదంబరం చూశాడంటే అందరికీ తెలిసినట్టే అనుకున్నాను. నిశ్చింతగా దిగిపోయాను."

నిశ్చింతగా. ఆ మాట చిదంబరం లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

*

తిరుగు ప్రయాణంలో పడవలో ముగ్గురే. వెనకవైపు చుక్కాని పట్టుకుని సరంగు, అతని ముందు స్వామి. స్వామికి ఎదురుగా, పడవ ముక్కుకి వీపు పెట్టి చిదంబరం కూచున్నాడు. వాన వెలిసింది గానీ ఏరు ఇంకా పొంగుతూనే ఉంది. నడిమి ప్రవాహంలో మానులు కొట్టుకొస్తున్నాయని సరంగు పడవని ఒడ్డు వారగా నడుపుతున్నాడు. ఒడ్డు ఎక్కడుందో తెలియడం లేదు. చెట్లు నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి.

"స్వామీ, ఆ యాప్ తీసేస్తాను" అన్నాడు చిదంబరం.

తనే మళ్ళీ అందుకున్నాడు.

"తీసేస్తే మళ్ళీ ఎవరికి వారే. ఎవడో చనిపోతే వాడి విద్య వాడితోనే. పోనీ తలుపు తీసేసి, ఎవరేం రాసినా వదిలేద్దామా అంటే మళ్ళీ పాముకాటుకి పసర్లు వస్తాయి. అప్పుడు మీరే కదా అన్నారు, నమ్మి ఎవరైనా ఇంట్లోనే ఉండిపోతే అని?"

"అన్నాను."

"అందుకే కదా రుజువు అడిగాను. రుజువు అడగడం తప్పా స్వామీ? రేపు ఎవరో భయపడి ఉత్తుత్తికే వద్దు వద్దు అని రాస్తే, అందరూ మందులు పారబోసుకుని కూచోవాలా? నిజమో కాదో తేలకుండా ఎలా చెప్పడం? తేలేదాకా ఆగితే ఇలా అయింది. ఏది పట్టుకోవాలో నాకు తెలియడం లేదు. రెండు రోజులుగా ఇదే. కళ్ళు మూస్తే ఆవిడ వేళ్ళే కనబడుతున్నాయి. మీరే చెప్పండి, నేను అడగాలా, అడగ..."

స్వామి చెయ్యి చటుక్కున అతని మెడ మీద పడింది. ముసలి చెయ్యి. అంత బలం ఉంటుందనుకోలేదు. తల కిందికి నొక్కేసింది. చిదంబరం నుదురు తన మోకాళ్ళకి ఠక్కున కొట్టుకుంది. వీపు మీదుగా ఏదో బరువుగా, గరగరా రాసుకుంటూ పోయింది. తడి ఆకులు, చీమలు, నీళ్ళు మీద కురిశాయి.

చెయ్యి లేచింది. చిదంబరం తల ఎత్తాడు. నుదురు మండుతోంది. మనసులో ఉన్నదంతా కోపంగా బయటికొచ్చింది.

"ఒక్క మాట చెబితే నేనే వంగేవాణ్ణి కదా స్వామీ!"

స్వామి తన భుజం మీది చీమని మెల్లగా ఊది నీళ్ళ మీదికి కాకుండా పడవ అంచు మీదికి పంపారు.

"చెబితే, ఏ చెట్టని అడిగేవాడివి."

 కాసేపటికి స్వామి మళ్ళీ అన్నారు, ఈసారి మెత్తగా.

"అడగాల్సిందే నాయనా. తల వంచాక."

చిదంబరం నుదురు తడుముకుంటూ, స్వామి భుజం మీదుగా వెనక్కి చూశాడు. నీళ్ళ మీదికి వాలిన కొమ్మ ఇంకా ఊగుతోంది. తెల్లటి నున్నని మాను. దూరమవుతున్నకొద్దీ తేటగా కనబడుతోంది.

మద్దిచెట్టు.